ఆ 4.2 ఎవరి లెక్క?

వైజాగ్ బీచ్ రోడ్డులో ఓ మోస్తరు పేరున్న చేపల పులుసు హోటల్ రివ్యూలు గూగుల్‌లో తెరిచి కిందికి జరుపుకుంటూ వెళ్ళండి. కోల్‌కతా నుంచి వచ్చిన కుటుంబం రెండు స్టార్లిచ్చి, పులుపూ కారమూ నోట పెట్టలేకపోయామని వాపోతుంది. హైదరాబాదు కుర్రాళ్ళు ఐదిచ్చి, అరిటాకు ఫొటో పెట్టి, వైజాగ్ వస్తే మిస్ కావొద్దంటారు. గాజువాక నుంచి పిల్లల్ని తీసుకొచ్చిన పెద్దాయన మూడు స్టార్లతో సరిపెట్టి, ముక్క మరీ పల్చనగా కోశారు, మా ఇంట్లో ఇంతకన్నా బాగా చేస్తారు అని ముగిస్తాడు. ముగ్గురూ తిన్నది ఒకే గిన్నెలో ఉడికిన పులుసు. ముగ్గురిలో ఒక్కరూ అబద్ధమాడలేదు. ఇలాంటివి ఎనిమిది వందలు కూడి భాగిస్తే పైన 4.2 అని కనిపిస్తుంది. ఆ 4.2 ఈ ముగ్గురిలో ఏ ఒక్కరి నాలుకకీ సరిపోదు. కానీ రేపు సాయంత్రం కాంప్లెక్సులో బస్సు దిగే నాలుగోవాడు దాన్ని చూసే ఆటో ఎక్కుతాడు.

ఆ అంకెకి నిజంగా అంత బలం ఉందా అంటే ఉంది, కొలిచి చూశారు కూడా. కొలవడంలో ఓ చిక్కుంది. మంచి హోటల్‌కి మంచి రేటింగూ వస్తుంది, జనమూ వస్తారు. అలాంటప్పుడు జనం రేటింగ్ చూసి వచ్చారా, రుచి తెలిసి వచ్చారా అనేది ఎలా విడదీస్తాం? హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కి చెందిన మైకేల్ లూకా 2011లో దీనికో దారి పట్టుకున్నాడు. అమెరికాలో యెల్ప్ అనే రివ్యూ సైట్ సగటును దగ్గరి అరస్టారుకి సవరించి చూపించేది. 3.24 ఉన్న హోటల్‌కి మూడు స్టార్లు కనిపిస్తే, 3.26 ఉన్న పక్క హోటల్‌కి మూడున్నర కనిపిస్తుంది. రెండింటి వంటలో తేడా లేనట్టే, తెర మీద మాత్రం అరస్టారు తేడా. సియాటెల్ హోటళ్ళ ఆదాయాన్ని ఆ గీతకి అటూ ఇటూ పోల్చి చూస్తే, ఒక స్టారు పెరిగితే రాబడి 5 నుంచి 9 శాతం పెరుగుతోందని తేలింది. మరుసటి ఏడాది బర్క్‌లీ ఆర్థికవేత్తలు ఆండర్సన్, మాగ్రూడర్ ఇదే కిటుకుతో శాన్‌ఫ్రాన్సిస్కో హోటళ్ళని పరిశీలించారు. అరస్టారు ఎక్కువ కనిపిస్తే చాలు, బల్లలన్నీ నిండిపోయే అవకాశం 19 శాతం పాయింట్లు పెరిగింది.

ఈ రెండు అధ్యయనాల్లోనూ నాకు అసలు సంగతిగా తోచేది వేరే ఉంది. లూకా లెక్కలో పెద్ద గొలుసు హోటళ్ళ మీద స్టార్ల ప్రభావం కనిపించలేదు. రాబడి మారింది సొంత హోటళ్ళకే. బర్క్‌లీ వాళ్ళకి కూడా, జనానికి వేరే సమాచారం దొరకని హోటళ్ళ దగ్గరే అరస్టారు ఎక్కువ పనిచేసినట్టు కనిపించింది. అంటే మనకి ఎంత తక్కువ తెలిస్తే అంకెకి అంత బలం. డాబా గార్డెన్స్‌లో ముప్పయ్యేళ్ళుగా ఒకే చోట టిఫిన్ తినేవాడికి దాని రేటింగ్ ఎంతో తెలీదు, అక్కర్లేదు కూడా. మధురవాడలో కొత్తగా అద్దెకి దిగిన ఐటీ ఉద్యోగికీ, అరకు వెళ్తూ ఒక రాత్రి ఊళ్ళో ఆగిన రాయ్‌పూర్ దంపతులకీ అదొక్కటే ఆధారం. సందర్శకుల మీద బతికే ఊరు కాబట్టి వైజాగ్‌లో ఆ ఆధారం మీద నడిచే డబ్బు తక్కువేం కాదు.

పేరులేని చిన్న వ్యాపారికి ఇది వరమే, నేను కాదనను. మెయిన్ రోడ్డు మీద అద్దె కట్టలేక సందులో షట్టరు తీసుకున్నవాడికి మునుపు గిరాకీ తెలిసినవాళ్ళ ద్వారానే వచ్చేది. ఇప్పుడు నలభై మంచి రివ్యూలుంటే ఊరికి కొత్తవాళ్ళు కూడా మ్యాపు పట్టుకుని సందులోకి వచ్చేస్తారు.

ఇంతకీ ఆ రివ్యూలు రాసేదెవరు? బాగానే ఉందనుకున్నవాడు బిల్లు కట్టి, సోంపు నోట్లో వేసుకుని వెళ్ళిపోతాడు. పొంగిపోయినవాడో, మండిపోయినవాడో ఫోను తీస్తాడు. అందుకే ఏ వస్తువు రేటింగుల పట్టీ చూసినా ఐదు స్టార్ల గీత బారెడు, ఒక స్టారు గీత జానెడు, మధ్యలో ఉన్నవి బెత్తెడు. ఆన్‌లైన్ కొనుగోళ్ళ మీద పనిచేసిన పరిశోధకులు ఈ ఆకారాన్ని 2009 నాటికే గుర్తించి, సగటు అనేది ఇక్కడ దాదాపు ఎవరి అభిప్రాయమూ కాదని హెచ్చరించారు. సగం మంది ఐదు, సగం మంది ఒకటి ఇచ్చినా సగటు మూడే. అందరూ మూడిచ్చినా మూడే. మొదటిది జూదం, రెండోది ఓ మామూలు హోటలు.

చిన్న కొట్టు విషయంలో ఈ కూడికలు మరీ కర్కశంగా ఉంటాయి. ఎంవీపీ కాలనీలో కొత్తగా తెరిచిన టిఫిన్ సెంటరుకి ఎనిమిది రివ్యూలున్నాయనుకోండి, అన్నీ ఐదే. తొమ్మిదోవాడు చట్నీ చల్లారిందని ఒక స్టారు పెట్టాడు. ఐదు నుంచి 4.6కి పడింది. తెర మీద మళ్ళీ 4.9 కనబడాలంటే ఇంకో పద్దెనిమిది మంది వరసగా ఐదు స్టార్లివ్వాలి. అదే రెండు వేల రివ్యూలతో 4.3 ఉన్న పాత హోటల్‌కి అలాంటి ఒక స్టారు పడితే అంకె కదలదు. సాంబారులో ఈగ పడిందని రాసినా సరే. అందుకే కొత్త కొట్టువాడు ఒక్క చెడ్డ రివ్యూకే నిద్ర మానేస్తాడు, పాతవాడు చదవనైనా చదవడు.

మొదట రాసినవాళ్ళ మాట తర్వాతివాళ్ళని లాగడమూ ఉంది. ముచ్నిక్, ఆరల్, టేలర్ అనే ముగ్గురు పరిశోధకులు 2013లో సైన్స్ పత్రికలో ఒక ప్రయోగం వివరాలు ప్రచురించారు. వార్తల మీద జనం వ్యాఖ్యలు రాసుకునే ఒక సైట్‌లో, లక్షకు పైగా వ్యాఖ్యల్లో కొన్నిటిని చీటీ తీసినట్టు ఎంచి, వాటికి ముందుగానే ఒక్క మెచ్చుకోలు ఓటు తామే వేశారు. ఆ తర్వాత చూసిన మొదటి మనిషి కూడా మెచ్చుకునే అవకాశం 32 శాతం పెరిగింది. చివరికి ఆ వ్యాఖ్యల స్కోరు సగటున 25 శాతం ఎక్కువ తేలింది. నలుగురితో నారాయణ అన్నట్టు. ముందుగా వ్యతిరేక ఓటు వేసినప్పుడు మాత్రం జనం కల్పించుకుని దాన్ని సరిదిద్దేశారు. అన్యాయంగా తిట్టిందాన్ని దిద్దుతాం కానీ, అన్యాయంగా పొగిడిందాన్ని దిద్దే ఓపిక మనకుండదు.

కొట్టువాళ్ళకి ఈ ప్రయోగం ఎవరూ చెప్పనక్కర్లేదు. ద్వారకానగర్‌లో కళ్ళజోడు కొన్నా, మొబైలు కొన్నా, స్కూటరు సర్వీసింగ్‌కి ఇచ్చినా, బిల్లింగ్ దగ్గర క్యూఆర్ కోడు అట్ట ఒకటి నిలబెట్టి ఉంటుంది. "మేడమ్, ఒక్క నిమిషం. ఇది స్కాన్ చేసి ఫైవ్ స్టార్ ఇచ్చి నా పేరు రాయరా? మాకు నెలకిన్ని అని టార్గెట్ ఉంటాది" అంటుంది కౌంటర్‌లో అమ్మాయి. మనం తటపటాయిస్తే "ఫోనివ్వండి, నేనే కొట్టేస్తాను" అంటుంది. కళ్ళజోడు ఇంకా పెట్టె లోంచి తియ్యలేదు, రివ్యూ అయిపోయింది. ఇంటికెళ్ళి ఆ షాపు పేజీ చూస్తే వరసగా అవే: ఫలానా మేడమ్ చాలా బాగా ఎక్స్‌ప్లెయిన్ చేశారు, ఫలానా సార్ సర్వీస్ సూపర్. ఆ మెచ్చుకోలు దొంగది అనలేం, అమ్మాయి నిజంగానే బాగా మాట్లాడి ఉంటుంది. కానీ ఆ కళ్ళజోడు ఆర్నెల్లు నిలిచిందా, అద్దం పవరు సరిపోయిందా అనేది అందులో ఒక్క అక్షరం కూడా ఉండదు. సిబ్బంది పేర్లతో నిండిన పేజీ కనబడితే అది టార్గెట్ పెట్టిన షాపు అని నేను ఊహించుకుంటాను.

దీని తర్వాతి మెట్టు లంచం. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ఇయర్‌ఫోన్స్ డబ్బాలో రంగు చీటీ ఒకటి వస్తుంది: ఐదు స్టార్లు పెట్టి స్క్రీన్‌షాట్ వాట్సాప్ చేస్తే వంద రూపాయలు వాపసు. రివ్యూ పెడితే జ్యూస్ ఫ్రీ అనే హోటళ్ళూ ఉన్నాయి. డబ్బో, తాయిలమో చూపించి రివ్యూ రాయించుకోవడం గూగుల్ నిబంధనలకి విరుద్ధం. కానీ కౌంటర్ దగ్గర ఏం జరిగిందో గూగుల్‌కి తెలిసేదెలా?

ఆ పై మెట్టు అచ్చమైన కల్పన. దీని హద్దు ఎంతవరకో 2017లో లండన్‌లో ఊబా బట్లర్ అనే రచయిత చూపించాడు. అంతకుముందు పది పౌండ్లకొకటి చొప్పున దొంగ రివ్యూలు రాసిన అనుభవం అతనిది. డల్విచ్‌లో తానుంటున్న పెరటి షెడ్డుకే హోటల్ పేరు పెట్టాడు, షేవింగ్ క్రీములాంటి వాటితో వంటకాల ఫొటోలు తీశాడు, స్నేహితుల చేత రివ్యూలు రాయించాడు. ఆ నవంబరుకి ట్రిప్‌అడ్వైజర్ అనే రివ్యూ సైట్‌లో లండన్ మొత్తానికి ఒకటో నంబరు హోటల్ అదే. అప్పటికి అక్కడ ఒక్కరూ భోజనం చేయలేదు. బల్ల దొరకదా అని ఫోన్లు మాత్రం మోగుతూనే ఉన్నాయి.

పొగడ్త మాత్రమే కాదు, తిట్టూ అమ్ముడుపోతుంది. మేజ్లిన్, డోవర్, షెవాలియర్ అనే పరిశోధకులు 2014లో ఒకే హోటళ్ళకి రెండు సైట్లలో వచ్చిన రివ్యూలు పోల్చారు. ఎక్స్‌పీడియాలో గది బుక్ చేసినవాళ్ళే రాయగలరు, ట్రిప్‌అడ్వైజర్‌లో ఎవరైనా రాయొచ్చు. పక్కనే సొంతదారు నడిపే పోటీ హోటల్ ఉన్నచోట, ఎవరైనా రాయగలిగే సైట్‌లో చెడ్డ రివ్యూలు ఎక్కువ కనిపించాయి. మనం వాడే యాప్‌లకీ ఇదే తూకం వేసుకోవచ్చు. జొమాటో, స్విగ్గీల్లో డెలివరీ రేటింగ్ ఆర్డరు పెట్టినవాళ్ళ నుంచి వస్తుంది. అమెజాన్‌లో కొన్నవాళ్ళ రివ్యూకి ఆ గుర్తు పక్కనే ఉంటుంది. గూగుల్ మ్యాప్‌లో మాత్రం ఎప్పుడూ గడప తొక్కనివాడు కూడా రాయొచ్చు.

దొంగ రివ్యూల కార్ఖానాకి కూలీలు కావాలి కదా. ఆ కూలిపని పేరుతోనే ఇంకో మోసం పుట్టింది, రివ్యూ చదివి కాదు, రాయబోయి మునిగినవాళ్ళ కథ ఇది. వాట్సాప్‌లో ముక్కూ మొహం తెలియని నంబరు నుంచి మెసేజ్ వస్తుంది. ఇంటి దగ్గరుండి పని, రోజుకి గంట. ఒక హోటల్ లింకు పంపి, ఐదు స్టార్లిచ్చి స్క్రీన్‌షాట్ పెట్టమంటారు. పెడితే నిజంగానే యాభయ్యో, నూటయాభయ్యో ఖాతాలో పడతాయి. తర్వాత టెలిగ్రామ్ గ్రూపులో చేరుస్తారు. అందులో ఇవాళ ఇంత సంపాదించానని మెసేజ్‌లు పెట్టేవాళ్ళంతా వాళ్ళ మనుషులే. అక్కడ 'ప్రీపెయిడ్ టాస్క్' మొదలవుతుంది: వెయ్యి కడితే పదమూడు వందలు. అదీ వస్తుంది. ఆ నమ్మకం మీద ఐదు వేలు, ముప్పై వేలు, లక్ష. యాప్‌లో బ్యాలెన్సు పెరుగుతూ ఉంటుంది, విత్‌డ్రా మాత్రం నొక్కితే పడదు. ముందు ట్యాక్స్ కట్టండంటారు. 2023 డిసెంబరులో కేంద్రం ఇలాంటి పార్ట్‌టైమ్ ఉద్యోగ, పెట్టుబడి మోసాలు నడిపే వందకు పైగా వెబ్‌సైట్లని ఒక్కసారే నిలిపేసింది. అయినా మెసేజ్‌లు ఆగలేదు. డబ్బు పోయిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే బ్యాంకులో సొమ్ము ఆపగలిగే అవకాశం ఉంటుంది, ఆలస్యమయ్యే కొద్దీ అది చేతులు మారిపోతుంది. ఇందులో ఇంకో తమాషా: ఎరగా వాడుకున్న ఆ హోటల్ యజమానికి ఈ వ్యవహారం తెలిసుండకపోవచ్చు. కానీ ఆ కూలి స్టార్లు ఆయన పేజీలో కూర్చునే ఉంటాయి, మనం వాటిని చూసే గది బుక్ చేస్తాం.

దొంగ రివ్యూలన్నీ తీసేశామనుకుందాం. అందరూ నిజమే రాశారనుకుందాం. అప్పటికీ ఒక చిక్కు మిగులుతుంది, నా మటుకు నాకు అదే పెద్దది. ఆర్థికవేత్తలు కొనే వస్తువుల్ని మూడు రకాలుగా విడదీస్తారు. మొదటి రెండూ 1970లో ఫిలిప్ నెల్సన్ చెప్పినవి: చూస్తే నాణ్యం తెలిసేవి, వాడితే తెలిసేవి. మూడోది 1973లో డార్బీ, కార్నీ చేర్చారు: వాడినా తెలియనివి. వాళ్ళిచ్చిన ఉదాహరణ అపెండిక్స్ ఆపరేషను. అది నిజంగా చెడిందా, చెడకుండానే కోశారా అనేది కోయించుకున్నవాడికి తర్వాత కూడా తెలిసే దారి లేదు. చీర రంగు మొదటి రకం, మసాలా దోశె రెండో రకం. రివ్యూలు బాగా పనిచేసేది ఈ రెండో రకంలోనే.

ఇప్పుడు రాయగడ నుంచో, పార్వతీపురం నుంచో తండ్రిని తీసుకుని వైజాగ్ రైలెక్కబోతున్న కొడుకుని తలచుకోండి. చినగదిలి హెల్త్ సిటీలోనా, రామ్‌నగర్‌లోనా, ఎక్కడ చూపించాలో తెలీదు. ఊళ్ళో తెలిసినవాళ్ళు లేరు. ఫోన్‌లో 4.6 ఉన్న ఆస్పత్రి, 4.1 ఉన్న ఆస్పత్రి పక్కపక్కన కనిపిస్తాయి. 4.6 వైపే చెయ్యి వెళ్తుంది. ఆ రివ్యూలు తెరిస్తే ఉండేవేమిటంటే: రిసెప్షన్ వాళ్ళు మర్యాదగా మాట్లాడారు, పార్కింగ్ బాగుంది, క్యాంటీన్‌లో ఇడ్లీ బాగుంది, డాక్టరు గారు నవ్వుతూ పలకరించారు. ఇవన్నీ నిజాలే. స్టెంటు అవసరమా కాదా అన్నది ఆ రోగికీ తెలీదు, అతని తరఫున రివ్యూ రాసిన అల్లుడికీ తెలీదు. నయమైనవాడు ఐదిస్తాడు, ఇంటికి తిరిగి రానివాడి మనుషులు ఒకటిస్తారు. కష్టమైన కేసులు తీసుకునే ఆస్పత్రికి అలా ఒకటిచ్చేవాళ్ళు ఎక్కువే ఉంటారు. తెలియని చోట అంకెకి బలం ఎక్కువని పైన అనుకున్నాం కదా. అది ఏమీ చెప్పలేని చోట కూడా మనం దాన్ని అంతే గట్టిగా పట్టుకుంటున్నాం.

అలాగని ఆస్పత్రి రివ్యూలు పారేయక్కర్లేదు. డిశ్చార్జి రోజున చెప్పిన ప్యాకేజీ మీద అదనంగా వేశారు, ఇన్సూరెన్సు ఫైలు సాయంత్రం దాకా కదల్లేదు లాంటి ఫిర్యాదులు వేర్వేరు నెలల్లో, వేర్వేరు మనుషులు, వేర్వేరు మాటల్లో రాస్తే అది నమ్మదగిన కబురు. బిల్లు రోగికి అర్థమయ్యే విషయం కాబట్టి. వైద్యం గురించి అడగాల్సింది మాత్రం ఊళ్ళో చూసే డాక్టర్ని, లేదా రెండో అభిప్రాయం చెప్పగల ఇంకో డాక్టర్ని.

మన కళ్ళ ముందున్న ఇంకో ఉదాహరణ రుషికొండ బీచ్. దీనికి 2020 అక్టోబరులో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఆ జెండా ఇచ్చే సంస్థ నీటి నాణ్యం, భద్రత, శుభ్రత, పర్యావరణ సమాచారం వంటి 33 ప్రమాణాలు చూస్తుంది, నీటిని ల్యాబులో పరీక్షించాలంటుంది. నిర్వహణ బాగాలేదన్న ఫిర్యాదులతో 2025 మార్చిలో ఆ గుర్తింపు తాత్కాలికంగా పోయింది, సరిదిద్దుకున్నాక ఆ నెలలోనే తిరిగొచ్చింది. మ్యాపులో స్టార్ల సంగతి వేరు. వేల రివ్యూలు పోగైన చోట ఒక నెల చెత్త సగటుని కదిలించలేదు. పైగా సూర్యోదయానికి ఐదు స్టార్లిచ్చినవాడికి నీళ్ళలో బ్యాక్టీరియా కంటికి కనబడదు. తనిఖీ అధికారి చూసేది వేరు, సందర్శకుడు చూసేది వేరు. పిల్లల్ని నీళ్ళలోకి దించే ముందు నాకు మొదటిదే కావాలి, ఫొటో దిగడానికైతే రెండోది చాలు.

ఇక చదివే తీరు. నేను సగటుని దాదాపు పట్టించుకోను, 3.5 కింద ఉంటే మాత్రం ఆగి చూస్తాను. అన్నీ ఐదే ఉన్నా ఆగుతాను. నా ఒక్కదాని చాదస్తమేం కాదిది. అమెరికాలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్ళు 2017లో ఆన్‌లైన్ కొనుగోళ్ళు గమనిస్తే, 4.0 నుంచి 4.7 మధ్య రేటింగ్ ఉన్నప్పుడే జనం ఎక్కువగా కొంటున్నారు, ఐదుకి దగ్గరయ్యే కొద్దీ వెనకాడుతున్నారు. గూగుల్ మొదట చూపించేది తనకి ముఖ్యమనిపించినవి, తాజావి కావు. వరస మార్చుకుంటే గానీ పోయిన వారం వచ్చినవాడి మాట పైకి రాదు. వంటవాడు మారిపోయి ఏడాదైనా పాత స్టార్లు పాతుకునే ఉంటాయి మరి. మూడు స్టార్లవాళ్ళ మాట నాకు ముద్దు, వాళ్ళకి పొగిడే పనీ లేదు, పగా లేదు. మెనూ కార్డు ఫొటో ఉంటే, దాని తేదీ చూసుకుంటే, ధర ఎంతో ముందే తెలిసిపోతుంది, అది వంద పొగడ్తల పెట్టు. అనుమానమొస్తే రాసినవాడి పేరు మీద నొక్కండి. ఒకే వారంలో పుణెలో పళ్ళ డాక్టరుకి, సూరత్‌లో ప్లైవుడ్ షాపుకి, మన సీతమ్మధారలో బ్యూటీ పార్లరుకి ఐదేసి ఇచ్చిన మహానుభావుడు కనిపిస్తే సంగతి తేలినట్టే.

చట్టం ఏం చేస్తోందంటే, నత్తనడకన వస్తోంది. ఆన్‌లైన్ రివ్యూల కోసం భారత ప్రమాణాల సంస్థ రూపొందించిన ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని 2022 నవంబరులో విడుదల చేశారు. రివ్యూలు ఎలా సేకరించాలి, రాసినవాడు నిజమైన మనిషేనని ఎలా తేల్చుకోవాలి, ఎలా ప్రచురించాలి అన్నవి అందులో ఉన్నాయి. కాకపోతే పాటించడం కంపెనీల ఇష్టానికి వదిలారు. తప్పనిసరి చేస్తామనే ప్రతిపాదన 2024లో వినియోగదారుల వ్యవహారాల శాఖ నుంచి వచ్చింది. అమెరికా ఇంకాస్త ముందుకెళ్ళి, దొంగ రివ్యూలు కొనడం, అమ్మడం నిషేధిస్తూ నిబంధన తెచ్చింది, అది 2024 అక్టోబరు నుంచి అమల్లో ఉంది.

చెడ్డ రివ్యూ రాస్తే కేసు పెడతామని బెదిరించేవాళ్ళు మన ఊళ్ళోనూ ఉన్నారు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ పరువునష్టం గురించినది. నిజమైన మాట ప్రజాప్రయోజనం కోసం చెబితే దానికి అందులోనే మినహాయింపు ఉంది. "దొంగలు, మోసగాళ్ళు" అని రాసి ఇరుక్కునే బదులు, ఏ తేదీన వెళ్ళాం, ఏం అడిగాం, ఏం ఇచ్చారు, బిల్లెంత అనేది రాసి రసీదు దాచుకుంటే చాలు. డబ్బు వెనక్కి రావాల్సిన తగాదా అయితే రివ్యూతో పని జరగదు, 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించాలి. రివ్యూ నచ్చలేదని యజమాని అడిగినంత మాత్రాన గూగుల్ దాన్ని తీసేయదు. నిబంధనలు మీరిందని తేలితేనే తీస్తుంది. ఆయన చేయగలిగింది కింద జవాబు రాయడం. ఆ జవాబులు కూడా చదవండి. "మీరెవరో మాకు తెలుసు" అనే రకం ఒకటి, "ఆ రోజు గ్రైండరు పాడైంది, ఈసారి వచ్చినప్పుడు కౌంటర్‌లో చెప్పండి" అనే రకం ఒకటి. నేను రెండో చోటికే వెళ్తాను, దాని రేటింగ్ 3.9 అయినా సరే.